చస్తే చేతిలోది ఇచ్చేయాలి

పెళ్లిళ్లలో నన్ను ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే మా ఆయన ముందు గొంతు సవరించుకునేవాడు. "మా ఆమె పత్రికలో పని చేస్తుంది" అని అక్కడితో ఆపేసేవాడు. అవతలివాళ్లు ఊరుకుంటారా? ఏం రాస్తారని నన్నే అడిగేవాళ్లు. పిల్లల వీడియో గేములు చూసి, ఏవి ఇంటికి పనికొస్తాయో, ఏవి పనికిరావో రాస్తానని చెప్పేదాన్ని. వెంటనే ఒకటే మాట. "అంటే ఆడుకుంటే జీతమా!" ఆ నవ్వు విని విని విసుగు పుట్టి, చివరికి ఆకులోని అప్పడం వైపు చూస్తూ అవునని తలూపడం అలవాటు చేసుకున్నాను.

ఇప్పుడు రిటైరై కర్నూలులో ఇంటిపట్టున ఉన్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్ చేసి, "మేడమ్, ఏ గేము ముందు ఆడాలి? ఏ కంప్యూటర్ కొనాలి?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఒకచోట రాసిపెడుతున్నాను. నాకు ఎప్పుడు జీతం పెరిగింది, ఎవరు శాలువా కప్పారు అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి మీకెందుకు, నాకే గుర్తులేవు.

అసలు ఈ పనేమిటి

మా మాసపత్రిక హైదరాబాదు నుంచి వచ్చేది. పిల్లల కోసం ఏం కొనవచ్చో తల్లిదండ్రులకు చెప్పడం దాని పని. బొమ్మలు, సైకిళ్లు, స్కూలు సంచులు ఒక్కొక్కరు చూసుకునేవారు. గేముల శీర్షిక నాది. కర్నూలులోనే ఉండి రాసి పంపేదాన్ని. గేము నిజంగా ఇంట్లో అందరూ కలిసి ఆడుకునేలా ఉంటే "ఇంటిల్లిపాదికీ" అని ఒక ముద్ర వేసేవాళ్లం. ఆ ముద్ర ఉంటే దుకాణాలవాళ్లు ఆ గేమును ముందు అరలో పెట్టేవాళ్లు. లేకపోతే అది ఏ మూలనో దుమ్ము పట్టేది.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి చేతిలో పట్టుకుని ఆడే గేములు. వాటిలోనూ ప్లాట్‌ఫామ్ గేములు. పేరు చూసి భయపడకండి. తెర మీద ఒక బొమ్మ ఉంటుంది. అది పరుగెత్తాలి, గుంతలు దాటాలి, గట్టు మీంచి గట్టు మీదికి ఎగరాలి. సరిగ్గా ఎగరకపోతే కింద పడి చస్తుంది. మళ్లీ మొదలు. ఇళ్లలో పిల్లలు దీన్ని "ఎగిరే గేము" అంటారు. అంతకంటే మంచి పేరు నాకు తెలియదు.

ఇప్పుడు వస్తున్న కుర్ర సమీక్షకులను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఏసీ గదిలో ఒక్కడే కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఒక్క పూటలో గేము మొత్తం ముగించి, "కుటుంబ సమేతంగా ఆడదగినది" అని రాసేస్తాడు. ఏ కుటుంబం, నాయనా? గదిలో నువ్వూ నీ చల్లటి కాఫీ తప్ప ఎవరున్నారు?

నా పద్ధతి ఒకటే. గేమును ఒక ఇంటికి పట్టుకుపోయి వాళ్లకిచ్చి, గోడవారన కూర్చుని చూడటం. మాట్లాడకూడదు, నేర్పకూడదు, పెట్టింది తినాలి. మా ఎండల్లో వరండాలో కూర్చుంటే తెర మీద ఏమీ కనపడని గేములు ఎన్నో ఉన్నాయి. చీమ తలకాయంత అక్షరాలు వేసి, చదవలేని పెద్దవాళ్లను మొదటి నిమిషంలోనే బయటికి నెట్టేసే గేములు ఉన్నాయి. కరెంటు పోయి చార్జింగ్ అయిపోతే అంతవరకూ ఆడిందంతా మరిచిపోయే గేములున్నాయి. గదిలో ఒంటరిగా ఆడేవాడికి ఇవేవీ తెలియవు.

ఇక తల్లిదండ్రులు. ఏ ఇంటికి పోయినా మొదటి ప్రశ్న, "దీనివల్ల లెక్కలు వస్తాయా మేడమ్?" రావు. ఎగిరే గేము ఆడితే ఎగరడం వస్తుంది, అదీ తెర మీద. క్యారమ్ బోర్డు కొన్నప్పుడు అడిగారా లెక్కలు వస్తాయా అని? ఈ జవాబు చెప్పీ చెప్పీ నా నోరు అరిగింది.

మా ఎడిటర్ విశ్వనాథం గారు

మా ఎడిటర్ విశ్వనాథం గారు చెడ్డవారు కాదు. జ్వరమొస్తే ఫోన్ చేసి పరామర్శించేవారు. కానీ ఆయనకు నియమాలంటే మహా ఇష్టం. ఎవరైనా పాఠకులు ఫోన్ చేసి ఒక ఫిర్యాదు చేస్తే చాలు, మరుసటి రోజు ఒక కొత్త నియమం పుట్టేది.

ఒకసారి ఎవరో తల్లి ఫోన్ చేసి, గేములో బొమ్మ చచ్చిపోయిందని తన పిల్లవాడు అన్నం మానేశాడని ఏడ్చిందట. అంతే. "ఇకమీదట ముద్ర వేసే గేములో బొమ్మ చావకూడదు" అన్నారు. ఎగిరే గేములో పడకపోతే ఇక ఆడేదేమిటి సార్ అని నేను మొత్తుకున్నాను. "చావు మాట పిల్లల దగ్గర మంచిది కాదమ్మా" అన్నారు. ఆయన తన జీవితంలో ఒక్కసారి కూడా గేము చేత్తో పట్టుకోలేదు. ఆ సంగతి ఆయనే గర్వంగా చెప్పేవారు.

ఆ నియమం వల్ల ఏం జరిగిందో చెప్పడానికే నేను ఇదంతా రాస్తున్నాను.

సునీల్ మేకపిల్ల

సునీల్‌ది ఓర్వకల్లు దగ్గర ఒక పల్లె. తండ్రికి కొద్దిగా చేను ఉంది, మిగతా రోజుల్లో కూలికి పోతాడు. వీడు కంప్యూటర్ చదువు చదివి, బెంగళూరులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, అది మానేసి వచ్చి కర్నూలులో ఒక గది తీసుకుని సొంతంగా ఒక గేము తయారు చేశాడు. అందులో ఒక మేకపిల్ల వాళ్ల ఊరి బండల మీద దూకుకుంటూ గుట్ట పైనున్న జెండా దాకా పోవాలి. బండలు అచ్చంగా అక్కడి బండలే. బస్సు కిటికీలోంచి రోజూ చూసేవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

గేము చూపించడానికి మా ఇంటికి వచ్చాడు. నేను ఆడి రెండో బండ దగ్గరే పడ్డాను. తెర మీద "తర్వాతివాళ్లకు ఇవ్వండి" అని పెద్ద అక్షరాలు వచ్చాయి.

"ఇదేమిటి?" అన్నాను.

"మా యింట్లో అంతే మేడమ్" అన్నాడు. "ఆదివారం చర్చి అయిపోతానే మా చిన్నాయన పిల్లలందరూ మా యింటికొచ్చేవాళ్లు. అందరికీ కలిపి ఒకటే గేము. సస్తే ఇచ్చేయాల, అదే రూలు. ఎంత పెద్దోడైనా ఇయ్యాల్సిందే. అందుకే దీంట్లో ఒకరు పడితే, పడిన కాడి నుంచే ఇంకొకరు ఎత్తుకుంటారు. అందరూ కలిస్తేనే జెండా వస్తాది."

నాకు చాలా సంతోషమైంది. ఎన్నో ఏళ్లుగా ఎన్నో ఇళ్లలో నేను చూసిందే ఇది. మన దగ్గర ఇంటికొక గేము ఉంటుంది, ఆడేవాళ్లు నలుగురుంటారు. ఆ నలుగురినీ నడిపేది చావే. పడితే పక్కవాడి చేతికి పోతుంది. ఎవరూ నేర్పకుండానే కడపలోనూ ఇదే రూలు, మంగంపేట గనుల క్వార్టర్సులోనూ ఇదే రూలు. దాన్ని తెలిసి గేములో పెట్టినవాడు నాకు వీడొక్కడే కనిపించాడు.

"ముద్ర పడితే ఒక పంపిణీదారు తీసుకుంటానన్నాడు మేడమ్" అన్నాడు సునీల్. "పడకపోతే సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ పనికి పోవాల. ఆ పని చెడ్డదని కాదు. పోతే మల్లా ఈ పక్కకు రాలేను, అంతే."

గేమును హైదరాబాదు పంపాను. వారం తిరక్కుండానే వెనక్కి వచ్చింది. మేక చావడమేమిటని విశ్వనాథం గారు నేరుగా సునీల్‌కే ఫోన్ చేసి చెప్పారట. పాపం వాడు హడలిపోయి, నిద్రాహారాలు మాని, ఒక బుడగ పెట్టాడు. మేక గుంతలో పడితే బుడగ వచ్చి దాన్ని ఎత్తి మళ్లీ బండ మీద దించుతుంది. చావు లేదు. విశ్వనాథం గారు మురిసిపోయారు. "చాలా ముచ్చటగా ఉందమ్మా, రాసెయ్యండి" అన్నారు.

ఇల్లు చూడకుండా రాయనన్నాను. బుడగ ఉన్నదీ, లేనిదీ రెండూ సునీల్ చేత ఒకే చేతి గేములో వేయించుకుని మైదుకూరు బస్సెక్కాను.

బీరువా మీదికి పోయిన గేము

మైదుకూరులో రమాదేవి నాకు వరుసకు చెల్లెలు. భర్త శివారెడ్డికి ఎరువుల అంగడి. కొడుకు చరణ్ హైస్కూలు, కూతురు హారిక ఇంకా చిన్నది.

మొదటి రోజు సాయంత్రం బుడగ ఉన్న గేము ఇచ్చాను. చరణ్ ముందు లాక్కున్నాడు. హారిక పక్కన కూర్చుంది. కాసేపు బాగానే ఉంది. తర్వాత మొదలైంది.

"నా వంతెప్పుడు?" అంది హారిక.

"నేను సచ్చినప్పుడు."

"దీంట్లో సావరు కదా!"

"అయితే లేదు" అన్నాడు చరణ్, తల ఎత్తకుండానే.

వాడు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. రూలు ప్రకారం వాడు ఇవ్వనక్కర్లేదు. మేక పడుతోంది, బుడగ లేపుతోంది, మళ్లీ పడుతోంది, మళ్లీ లేపుతోంది. వాడు టీ తాగలేదు, స్నానం చేయలేదు. హారిక ఏడుపు లంకించుకుంది. వంటింట్లోంచి రమాదేవి ఇద్దర్నీ కలిపి తిట్టింది. శివారెడ్డి అంగడి నుంచి వచ్చి, ఒక్క క్షణం చూసి, గేము లాక్కుని బీరువా మీద పెట్టేశాడు.

"ఏం వదినా, యింట్లో ఉండే ప్రశాంతత చాలదని దీన్ని తెచ్చినావా?" అన్నాడు నాతో.

ఇంటిల్లిపాదికీ అని ముద్ర వేయమన్న గేము ఇది. ఇంట్లో ఒక్కరికీ దక్కకుండా బీరువా ఎక్కింది. చావు లేకుండా చేస్తే పిల్లలు సుఖపడతారని హైదరాబాదులో కూర్చుని అనుకోవడానికి బాగుంటుంది. ఇక్కడ చావు లేకపోతే వంతు లేదు. బుడగ మేకను కాపాడింది గాని హారికను ఏడిపించింది.

మరుసటి రోజు సునీల్ మొదట చేసిన గేము పెట్టి ఇచ్చాను. చరణ్ పడ్డాడు, ఇచ్చాడు. హారిక పడింది, ఇచ్చింది. అంగడికి పోబోతూ శివారెడ్డి కూడా చెప్పులు విడవకుండానే ఒక వంతు ఆడి, పడి, "ఇంకొక్కటి" అన్నాడు. ఇద్దరు పిల్లలూ వాళ్ల నాయనను పట్టుకుని నవ్వారు. గేము చేతులు మారుతూనే ఉంది. గుట్ట సగం ఎక్కేశారు.

రమాదేవి వంతు వచ్చింది. పిండి చేతులు చీరకు తుడుచుకుని గేము అందుకుంది. మేక రెండడుగులు వేసి ఎదురుగా ఉన్న గుంతలోనే పడింది. "నాకు చేతగాదులే" అని ఇచ్చేసి లోపలికి పోయింది. మళ్లీ వంతు వచ్చింది. మళ్లీ అంతే. మూడోసారి నేను ఆమె వేళ్ల వైపు చూశాను. ఎగిరే బటన్ మీద ఆమె వేలే లేదు. కావాలనే గుంతలోకి నడిపిస్తోంది.

ఇది నేను ప్రతి ఇంట్లో చూశాను. తల్లి వంతు అందరికంటే తొందరగా అయిపోతుంది. ఆమెకు చేతకాక కాదు. పొయ్యి మీద ఏదో ఉంటుంది, పిల్లలు తొందరపడుతుంటారు, తన వంతు తను తొందరగా వదిలించుకుంటే అందరికీ బాగుంటుందని ఆమె తీర్మానించుకుని ఉంటుంది. ఏ గేము చూసినా నేను చివరికి కొలిచేది ఇదొక్కటే. తల్లి చేతిలో అది ఎంతసేపు నిలబడుతుంది? ఈ మాట నేను ఏ మీటింగులో చెప్పినా మగవాళ్లందరూ చాలా మర్యాదగా తలూపి, తర్వాతి విషయానికి పోయేవాళ్లు.

నా మొండితనం, సునీల్ బతుకు

విశ్వనాథం గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. బుడగ లేని గేముకే ముద్ర వేద్దామన్నాను.

"ఒక ఇంటిని చూసి నియమం మారుస్తామా అమ్మా?" అన్నారు.

"ఒక ఫోన్ విని నియమం పెట్టారు కదా సార్."

ఆయనకు కోపం వచ్చింది. పేజీ రేపు అచ్చుకు పోతుందని, బుడగ ఉంటే ముద్ర వేస్తానని, లేకపోతే అసలు వేయనని తేల్చి చెప్పారు. రేపు సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు.

సునీల్‌కు ఫోన్ చేశాను. వాడు వెంటనే, "బుడగతోనే కానీండి మేడమ్, గొడవెందుకు" అన్నాడు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చినంత పనైంది, వాడి మీద కోపమూ వచ్చింది. తన గేము తనకు తెలుసు. అయినా వదులుకోవడానికి సిద్ధమయ్యాడు. వదులుకోక ఏం చేస్తాడు? నేను మొండికేస్తే పోయేది నా ఉద్యోగం కాదు, వాడి బతుకు. నేను పట్టుపట్టి ముద్ర పోగొడితే వాడు ఫ్యాక్టరీకి పోతాడు. పట్టు వదిలితే రాష్ట్రమంతా బీరువాల మీదికి ఎక్కే ఒక గేముకు నేను ముద్ర వేసినదాన్నవుతాను. కొత్తగా వచ్చే పిల్లలూ, వినండి. ఈ ఉద్యోగంలో కష్టమంటే ఇదే. ఎవరి బతుకో మన అభిప్రాయం మీద ఆధారపడి ఉంటుంది, ఆ అభిప్రాయం సరైనదైనా సరే, రాత్రి అన్నం సహించదు.

మర్నాడు సాయంత్రం దాకా ఆలోచించాను. చివరికి సునీల్ కోసం బుడగకే ఒప్పుకుందామని నిశ్చయించుకుని, రమాదేవి ఇంటి వరండాలోంచి విశ్వనాథం గారికి ఫోన్ చేశాను. "సార్..." అన్నానో లేదో, లోపలి నుంచి చరణ్ గావుకేక పెట్టాడు.

"సచ్చిపో మా! తొందరగా సచ్చిపో!"

"సావద్దు మా! సావద్దు!" అని హారిక ఇంకా గట్టిగా అరిచింది.

"ఏమిటమ్మా అది?" అన్నారు విశ్వనాథం గారు కంగారుగా. "ఎవరికేమైంది అక్కడ?"

నేను లోపలికి పరుగెత్తాను. రమాదేవి నడవలో నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. గేము చేతిలో ఉంది. నాలుక బయటపెట్టి, కనురెప్ప వేయకుండా ఆడుతోంది. మేక గుట్ట పైభాగంలో ఉంది. ఈ ఇంట్లో అంతవరకూ ఎవరూ ఎక్కనంత పైకి ఎక్కింది. చరణ్ ఆమె భుజం పట్టుకుని ఊపుతున్నాడు.

"ఉండ్రా, ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతాండాది" అంది కొడుకుతో. నన్ను చూసి, "ఎవురక్కా ఫోన్లో?" అంది.

"మా ఎడిటర్. నువ్వాడుతున్న గేముకు ముద్ర వేయనంటున్నాడు."

"ఏమంట?" అని తలెత్తింది. అంతే. మేక పడిపోయింది.

"సచ్చింది! ఇయ్యి!" అని చరణ్ చెయ్యి చాపాడు.

"ఇయ్యను! నేను పడలేదురా, ఆ సారు పడేసినాడు!" అంటూ రమాదేవి నా చేతిలో ఫోన్ లాక్కుంది. "ఏమప్పా, ఎవురు నువ్వు? ఇన్నేండ్లకు ఒక్క తూరి నా చేతిలో నిలకడగా నిలిచింటే నడుమ వచ్చి పడగొడతావా? జెండా ఆడనే కనపడతాండ్య. నీ వల్ల నా వంతు పోయ!"

సునీల్ పని ఇక అయిపోయిందనుకున్నాను. ఫోన్ పక్కనే నిలబడ్డ నాకు విశ్వనాథం గారి గొంతు వినిపించింది. "తప్పు నాదేనమ్మా. ఫోన్ ఒకసారి మీ అబ్బాయికివ్వండి."

చరణ్ తీసుకున్నాడు. స్పీకర్ పెట్టాడు.

"బాబూ, మీ అమ్మకు ఇంకో వంతు ఇవ్వాలి."

"సచ్చినాక వంతు యాడుంటాది సార్? సస్తే ఇచ్చేయాల. రూలు రూలే."

"నిజమే. కానీ బయటివాళ్లు అడ్డం వస్తే ఆ చావు లెక్కలోకి రాదు. అది కూడా రూలే."

"ఎవురు పెట్టినారు?"

"నేనే. ఇప్పుడే పెట్టాను."

చరణ్ ఆలోచించి, చాలా అయిష్టంగా గేము వాళ్లమ్మ చేతిలో పెట్టాడు. ఫోన్ మళ్లీ నాకు వచ్చింది.

"బుడగ ఉన్న గేములో ఈ గొడవ రాదు కదమ్మా?" అన్నారు విశ్వనాథం గారు.

"రాదు సార్. అది బీరువా మీద ఉంటుంది."

ఆయన బుడగ లేనిదానికే రాసి పంపమని చెప్పి పెట్టేశారు. వరండాలో కూర్చుని అప్పటికప్పుడు రాశాను. లోపల అన్నం మాడిన వాసన వస్తోంది. నేను లేచి పొయ్యి ఆపాను. రమాదేవి లేవలేదు.

సునీల్‌కు చెబితే వాడికి నమ్మకం కుదరక మూడుసార్లు అడిగాడు. తర్వాత, "బుడగ తీసేసేదానికి ఒక్క పూట సాలు మేడమ్" అన్నాడు. పెట్టడానికి వాడు పడిన పాట్లు తలుచుకుని నేను నవ్వాను. వాడు నవ్వలేదు, ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే విశ్వనాథం గారి నుంచి ఫోన్. నేను పంపిన పేజీలో ఏదో తప్పు దొర్లిందని భయపడ్డాను. అది కాదు.

"ఆమె జెండా దాకా వెళ్లిందా?" అని అడిగారు.

"వెళ్లింది సార్."

"మరి అప్పుడు అబ్బాయికి ఇచ్చిందా?"

"ఎందుకిస్తుంది సార్? చావలేదు కదా. రెండో గుట్ట మొదలుపెట్టింది."